కారు ధర అడుగుతున్నాం, ఖర్చు అడగడం లేదు

పోయిన నెలలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మస్జిదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటుండగా, మాకు దూరపు బంధువు ఒకాయన పక్కకు పిలిచి మెల్లగా అడిగారు. "మీ కారు లీటరుకు ఎంత ఇస్తుంది భాయీ?" పదహారు ఇస్తుందని చెప్పాము. "అయితే ఫరవాలేదు, భరించవచ్చు" అన్నారు. భరించేది ఎవరు, ఎందుకు అని ఆరా తీస్తే అసలు సంగతి బయటికి వచ్చింది. వారి చిన్నమ్మాయికి తాడేపల్లిగూడెం నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి మందుల దుకాణంలో పని చేస్తాడు, నెలకు ఇరవై రెండు వేలు. కుటుంబం మంచిదే. కట్నం అన్న మాట వాళ్ళు నోటితో ఎత్తలేదు. "పిల్లల సౌకర్యానికి ఒక చిన్న కారు పెట్టండి, అంతకంటే మాకేం వద్దు" అన్నారట. ఈయనేమో మూడెకరాల చేపల చెరువు కౌలుకు చేసుకుని బతికే మనిషి. ఉన్న అరెకరం, భార్య నగలు కలిపి అమ్మితే ఏడు లక్షలు వస్తాయని లెక్క కట్టుకున్నారు. ఆయనకు మిగిలిన సందేహమల్లా లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది ఒక్కటే.

అడిగి తీసుకునే కారు కట్నం కాదా అన్న చర్చ కొత్తది కాదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం పెళ్ళికి సంబంధించి ఇచ్చే ఆస్తి ఏదైనా, విలువైన వస్తువు ఏదైనా కట్నమే. ముస్లిముల మహరును మాత్రం ఆ చట్టమే మినహాయించింది. ఆ మహరు ఇవ్వవలసినవాడు వరుడు. ఈ మాటలు మన పెళ్ళిళ్ళలో అందరూ తల ఊపి వినేవే. విన్నాక ఏమి జరుగుతుందో కూడా అందరికీ తెలుసు. అందుచేత ఈసారి ధర్మం మాట కాస్త పక్కన పెట్టి, ఒట్టి లెక్క చెబుదామని అనుకున్నాము. లెక్క చెప్పే అర్హత మాకు కొంచెం ఉంది. మా ఇంట్లో కారు ఉంది, దాని ఖర్చు రాసిన నోటుపుస్తకం కూడా ఉంది.

మేము కారు కొన్నది 2020 చివరలో. షోరూము ధర ఆరు లక్షలు. జీవిత పన్ను, బీమా, రిజిస్ట్రేషను, సీటు కవర్లు, కింద పరిచే మ్యాట్లు అన్నీ కలిసి రోడ్డెక్కేసరికి ఏడు లక్షలు. 2022 ఏప్రిల్ 4న మన మండవల్లి కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చినప్పుడు, కొనడం ఎంత మంచిపనో అని మమ్మల్ని మేమే మెచ్చుకున్నాము. అంతకు ముందు కలెక్టరాఫీసు పని ఉంటే బందరు. ఇప్పుడు ఏలూరు. మన స్టేషనులో రైలెక్కితే అటు గుడివాడ, విజయవాడ, ఇటు కైకలూరు, ఆకివీడు, భీమవరం సులువుగా పోవచ్చు గాని ఏలూరుకు నేరుగా రైలు లేదు. మధ్యలో కొల్లేరు ఉంది మరి. కాబట్టి కారు కొన్నందుకు మా దగ్గర కారణాలకు కొదవ లేదు. లేనిదల్లా లెక్కే. నాలుగేళ్ళు తిప్పిన తర్వాత అయిదో ఏట మా ఇంటావిడ పోరు పడలేక ఒక నోటుపుస్తకం పెట్టి, కారు కోసం జేబులోంచి తీసిన ప్రతి రూపాయీ అందులో రాశాము.

మొదట రాసింది పెట్రోలు. అందరం రాసేదీ, చాలామందిమి అక్కడితోనే ఆపేదీ అదే. కంపెనీ కరపత్రంలో లీటరుకు ఇరవై రెండు అని ఉంది. చెరువు గట్ల మీద రెండో గేరులో పోయే కారుకు, చేపల లారీ వెనక పాకుతూ పోయే కారుకు ఆ ఇరవై రెండు ఎక్కడినుంచి వస్తుంది? మాకు వచ్చేది పదహారు. ఆ ఏడాది తిరిగింది 7,200 కిలోమీటర్లు, అంటే నెలకు ఆరు వందలు. లీటరు 110 రూపాయల లెక్కన పెట్రోలుకు 49,500 అయింది. కిలోమీటరుకు ఏడు రూపాయలకు కాస్త తక్కువ. "ఏడు రూపాయలే కదా" అని మేము కూడా చాలాకాలం అనుకుంటూ వచ్చాము.

అసలు పెద్ద ఖర్చు ఏ బిల్లులోనూ కనబడదు. అది కారు విలువ కరిగిపోవడం. ఇది మా ఊహ కాదు, బీమా కంపెనీలు పాటించే పట్టికలోనే ఉంది. కారుకు కట్టే విలువలో ఆరు నెలల లోపే 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, అయిదేళ్ళ లోపు 50 శాతం తగ్గిస్తారు. అంటే అయిదో పుట్టినరోజు నాటికి బండి సగం. ఆ సగమైనా షోరూము ధర మీద లెక్కే. మనం కట్టిన జీవిత పన్ను రెండోసారి అమ్మేటప్పుడు ఎవరూ తిరిగి ఇవ్వరు. మా కారును 2025 వేసవిలో గుడివాడలో పాత కార్ల వ్యాపారికి చూపిస్తే 3 లక్షల 90 వేలు అన్నాడు. అప్పుడు అమ్మలేదు. ఆ ఏడు సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. మళ్ళీ పోయి అడిగితే "కొత్తవే తగ్గాయి కదండీ, పాతది ఎవరు కొంటారు?" అంటూ మూడున్నర లక్షల దగ్గర ఆగాడు. పన్ను తగ్గిందని ఊరంతా సంతోషించిన రోజున మా వాకిట్లో నిలబడిన బండి నలభై వేలు తగ్గిపోయిందన్నమాట! ఏడు లక్షల్లో మూడున్నర పోతే అయిదేళ్ళలో పోయింది మూడున్నర లక్షలు. ఏడాదికి 70,000. పెట్రోలు కంటే ఎక్కువ. ఈ సొమ్ము మనం ఎవరి చేతిలోనూ పెట్టము కనుక పోయినట్టు తెలియదు, అంతే.

తర్వాత బీమా, 11,000. ఇతరులకు జరిగే నష్టానికి బీమా చేయించడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం తప్పనిసరి. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్లలో వెయ్యి సి.సి. లోపు కారుకు దీని కిందనే ఏడాదికి 2,094 రూపాయలు, వెయ్యి నుంచి పదిహేను వందల సి.సి. దాకా 3,416. మన సొంత బండికి రక్షణ కావాలంటే దానిమీద మరికొంత. కొల్లేటి పక్కన ఉండే మనం ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో పేటలు మునిగాయి. ఆ నీళ్ళే కొల్లేటికి దిగి మన ఏలూరు, కైకలూరు రోడ్డు ఎక్కాయి. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీళ్ళు ఎంత ఉన్నాయని రోజూ అడిగి తెలుసుకున్న రోజులవి. అటువంటప్పుడు నీళ్ళలో నిలిచిన కారుకు తాళం తిప్పి స్టార్టు చేస్తే, నీరు ఇంజనులోకి పోయి లోపలి కడ్డీలు వంగిపోతాయి. మామూలు సమగ్ర బీమా ఈ ఇంజను నష్టానికి సాధారణంగా డబ్బు ఇవ్వదు. ఇంజను రక్షణ అని వేరుగా ఒక అంశం ఉంటుంది, దానికి వేరుగా ప్రీమియం కట్టి ఉండాలి. పాలసీ కాగితాలు బీరువాలో పెట్టే ముందు ఆ ఒక్క పంక్తి ఉందో లేదో చూసుకోవడం మంచిది. లేకపోతే నీళ్ళలో బండిని కదపకుండా తోయించుకుని గ్యారేజీకి చేర్చాలి.

మిగతావి త్వరగా చెబుతాము. సర్వీసు, రిపేర్లు 19,000. ఇందులో నాలుగున్నర వేలు ఒక్క ఎలుక ఖర్చు. వర్షాకాలంలో చేలూ గట్లూ తడిసిపోతే ఆ జీవాలకు వెచ్చటి ఇంజను కంటే మంచి ఇల్లు ఏముంటుంది? వైర్లన్నీ కొరికేసింది. నాలుగు టైర్లు, బ్యాటరీ ఎప్పుడో ఒకసారి మార్చవలసినవే కనుక వాటికోసం ఏడాదికి 5,000 విడిగా రాశాము. కడిగించడానికి 6,000. కలపర్రు, పొట్టిపాడు టోలుగేట్లకు, ఆసుపత్రుల దగ్గర పార్కింగుకు 4,500. దూరం పోయేటప్పుడు పిలిచిన డ్రైవరుకు 8,000. కారు కోసం వేసిన రేకుల షెడ్డు నలభై వేలు, పదేళ్ళు ఉంటుందనుకున్నా ఏడాదికి 4,000.

అన్నీ కూడితే 1,77,000 రూపాయలు. నెలకు 14,750. తిరిగిన 7,200 కిలోమీటర్లతో భాగిస్తే కిలోమీటరుకు ఇరవై నాలుగున్నర రూపాయలు పైనే. ఏడు అనుకున్నది ఇరవై నాలుగున్నర! ఇంకో రకంగా కూడా చూశాము. విలువ తగ్గుదల, బీమా, షెడ్డు, వయసుతో పాడయ్యే టైర్లు, బ్యాటరీ, తిరిగినా తిరగకపోయినా ఏటా చేయించవలసిన ఒక సర్వీసు, వీటికే 96,000. రోజుకు 263 రూపాయలు. అంటే మేము కారు తీయకుండా బస్సులో పోయి పొదుపు చేశామనుకున్న రోజున కూడా అది షెడ్డులో నిలబడి 263 రూపాయలు తింటూనే ఉంది.

మరి అద్దె కారు మాటేమిటి? మా దగ్గర అడుగుతున్న రేటు కిలోమీటరుకు పదిహేను రూపాయలు, రోజుకు మూడు వందలు డ్రైవరు బత్తా. టోలు మనదే. మేము ఏడాదిలో కారు నిజంగా వాడిన రోజులు అరవై. ఆ తిరుగుడంతా అద్దె బండి మీద తిరిగి ఉంటే 1,08,000, బత్తా 18,000, టోలూ పార్కింగూ 4,500 కలిసి 1,30,500 అయ్యేది. సొంత కారు కంటే 46,500 తక్కువ. అద్దె బండికి ఎలుకలు పట్టినా మనకు నిద్ర చెడదు. సొంత కారు గిట్టుబాటు కావాలంటే ఏడాదికి దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్లు, నెలకు సుమారు 1,160 తిరగాలని తేలింది. మేము అందులో సగమే తిరిగాము. రోజూ కైకలూరు, ఆకివీడు, భీమవరం తిరిగే మేత వ్యాపారికి, చెరువుల మీద నమూనాలు తీసుకునే సాంకేతిక నిపుణుడికి సొంత కారు లాభమే. ఇంట్లో ఉండే మాబోటి వాళ్ళకు కాదు. అన్నట్టు, అద్దె బండి అంటే పసుపు బోర్డు బండి అనే మా ఉద్దేశం. పొరుగువారి తెల్లబోర్డు కారును డబ్బిచ్చి తీసుకుపోతే, ఏదైనా ప్రమాదం జరిగిన రోజున సొంత వాడకానికి తీసుకున్న బీమా అక్కరకు రాదు.

ఇంత చెప్పి కారు అమ్మేశారా అంటే, లేదు. ఆ సంగతి దాచి ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి ఒంటిగంటకు పక్కవీధి పెద్దమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. 108కి ఫోను చేశాము, బండి మరో కేసు మీద దూరంగా ఉందన్నారు. మా అబ్బాయి కారు తీశాడు. ఆవిడ ఇప్పుడు బాగున్నారు, పండగకు మాకు షీర్ ఖుర్మా పంపుతారు. దాన్ని ఏ కాలంలో రాయాలో మాకు తెలియలేదు, నోటుపుస్తకంలో రాయలేదు. అయితే ఒకటి. అటువంటి రాత్రి కోసం ప్రతి ఇంటా ఒక కారు అక్కరలేదు. వీధికి ఒకటి ఉండి, దాని యజమానికి పెట్రోలు డబ్బయినా ఇచ్చే మర్యాద మనకు ఉంటే చాలు. ఆ మర్యాద గురించి ఎక్కువ రాస్తే మా వీధిలో వాళ్ళు నొచ్చుకుంటారు గనుక ఇంతటితో ఆపుతాము. అద్దెకు రాత్రిపూట వచ్చే నలుగురు డ్రైవర్ల ఫోను నెంబర్లు మస్జిదు నోటీసు బోర్డు మీద పెట్టడానికి ఖర్చేమీ లేదు. ఆడవాళ్ళ రోజువారీ ప్రయాణాలకు 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం వల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు. చంటిపిల్లలతో, మూటలతో బస్సెక్కడం కష్టమే, కాదనము. ఆ కష్టానికి నెలకు పద్నాలుగు వేల ఏడు వందల యాభై ధర కట్టవచ్చా అన్నదే ప్రశ్న.

పైన చెప్పిన లెక్కంతా నగదుతో కొన్న కారుది. అప్పుతో కొంటే ఇంకో పద్దు చేరుతుంది. మా తమ్ముడి కొడుకు ఒకడు "పెదనాన్నా, నెలకు పన్నెండు వేల ఆరు వందల వాయిదాయే కదా" అంటున్నాడు. ఆరు లక్షల అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, అయిదేళ్ళు. వాయిదాలన్నీ కూడితే ఏడు లక్షల యాభై ఆరు వేలు. లక్షా యాభై ఆరు వేలు వడ్డీ కిందే పోతుంది. వడ్డీ ఇవ్వడం తీసుకోవడం మనకు నిషిద్ధమని వాడికి చిన్నప్పటినుంచి తెలుసు. తెలిసినవాడికి మళ్ళీ చెప్పడం కంటే అంకె చూపించడం నయమని చూపించాము. "అయితే సున్నా వడ్డీ పథకంలో తీసుకుంటాను" అన్నాడు. నగదు ఇచ్చేవాడికి దొరికే తగ్గింపు ఆ పథకంలో ఇస్తారో లేదో ముందు అడిగి రమ్మన్నాము. ఇవ్వకపోతే ఆ తగ్గింపే పేరు మార్చుకున్న వడ్డీ. ఇంకా అడిగి రాలేదు.

రంజాన్ ముందు సొమ్ము కారులో పెడితే జకాతు తప్పుతుందని హాస్యమాడే సోదరులు కూడా ఉన్నారు. సొంతంగా వాడుకునే వాహనం మీద జకాతు లేని మాట నిజమే. ఏడు లక్షల నగదు మీద నూటికి రెండున్నర చొప్పున జకాతు 17,500 రూపాయలు. అది బీదవాడికి చేరుతుంది. కారులో పెట్టిన ఏడు లక్షల మీద ఏటా కరిగేది 70,000. అది ఎవరికీ చేరదు.

ఇక మా బంధువు సంగతి. నోటుపుస్తకం తీసుకుని వారింటికి పోయాము. ఆయన మొదటి పేజీ చూసి పక్కన పెట్టారు. అమ్మాయి తీసుకుని చదివింది. కైకలూరులో బి.కాం. చదివిన పిల్ల, లెక్క త్వరగా పట్టుకుంది. తాడేపల్లిగూడెంలో మందుల దుకాణం ఇంటికి దగ్గరే కనుక తిరుగుడు మాలో సగమే అనుకుంది. నెలకు మూడు వందల కిలోమీటర్లు. డ్రైవరు లేడు, షెడ్డు లేదు, బండి ఇంట్లోనే కడుక్కుంటారు. విలువ తగ్గుదలను కూడా వదిలేసి, చేతిలోంచి పోయే డబ్బు మాత్రమే వేసింది. పెట్రోలుకు ఏడాదికి 24,750, బీమా 11,000, సర్వీసు 8,000, టైర్లు, బ్యాటరీల కింద 5,000. మొత్తం 48,750. నెలకు నాలుగు వేల పైచిలుకు. అబ్బాయి జీతం ఇరవై రెండు వేలు. ఇల్లు గడవాలి, అందులో అయిదో వంతు కారుకే పోవాలి.

"నాన్నా, కారు మీరు పెడతారు. ఈ నాలుగు వేలు ఎవరు పెడతారు?" అని అడిగింది. ఆయన మాట్లాడలేదు. "వాళ్ళకు చాలకపోతే మొదటి నెల నేను మీకు ఫోను చేయాలి. రెండో నెల చెయ్యకపోతే నన్ను అడుగుతారు" అంది. వాళ్ళమ్మ లోపలినుంచి వచ్చి, ఏమీ అనకుండా, మెడలోని గొలుసు సర్దుకుని మా ఎదురుగా కూర్చున్నారు.

మా అభిప్రాయం ఆ రోజు వారికి చెప్పినదే. అరెకరం అమ్మవద్దు. పిల్లల సౌకర్యమే వాళ్ళ కోరిక అయితే ఏ సౌకర్యం ఎంత అవుతుందో ఇద్దరు వియ్యంకులూ ఒకచోట కూర్చుని కాగితం మీద వేసుకోవాలి. మా నోటుపుస్తకం మామూలు రూళ్ళ పుస్తకమే, ఎవరైనా చదవవచ్చు. పెళ్ళిచూపుల నాడు మర్యాదకు అడగలేని ప్రశ్న ఆ తర్వాత అమ్మాయి ఒక్కతే మోయవలసి వస్తుంది గనుక ముందే అడగమన్నాము. ఇది చెప్పినందుకు సంబంధం చెడితే మమ్మల్ని అంటారన్న భయం మాకూ లేకపోలేదు.

పోయిన ఆదివారం ఆయన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్ళి వచ్చారు. అబ్బాయి మేనమామ లారీ నడుపుతాడట. టైర్ల పద్దు చూసి "ఇది తక్కువే రాశారు" అన్నాడట. అబ్బాయి తండ్రి మాత్రం పుస్తకం తన దగ్గర ఉంచుకుని, ఇంట్లో మాట్లాడి కబురు చేస్తామన్నారు. కబురు ఇంకా రాలేదు. పుస్తకం వచ్చేదాకా మా పెట్రోలు చీటీలు గోడమీద కేలెండరు మేకుకు గుచ్చి పెడుతున్నాము.